ధూమ్రకేశికి ఇచ్చిన ముఖం

పైడమ్మత్త పోయిందని సత్యం ఫోన్ చేసినప్పుడు నేను మధురవాడలో మా ఫ్లాటు బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాను. సత్యం ఆవిడ ఒక్కగానొక్క కొడుకు, నాకు మేనమామ కొడుకు. "వదినా, అమ్మ ఎల్లిపోయింది" అన్నాడు. మధురవాడ నుంచి వాళ్లుండే కూర్మన్నపాలెం అంటే ఊరికి ఈ కొస నుంచి ఆ కొస. ఆటోలో గంటకు పైనే పట్టింది. వెళ్లేసరికి అత్తను వరండాలో చాప మీద పడుకోబెట్టారు. ముక్కుల్లో దూది పెట్టి, దవడకు గుడ్డ కట్టారు. అందరూ ఒంగి ముఖం చూస్తున్నారు. నేను తల వైపు వెళ్లలేకపోయాను. కాళ్ల దగ్గర కూర్చుని, పసుపు రాసిన పాదాలు రెండూ పట్టుకుని లేచి వచ్చేశాను. వచ్చినవాళ్లు అది దుఃఖం అనుకుని ఉంటారు. దుఃఖం ఉంది, కాదనను. కానీ ఆ ముఖాన్ని ఎదురుగా నిలబడి చూసే హక్కు నాకు లేదని తెలిసి నలభై ఏళ్లు దాటింది.

నన్ను కొద్దో గొప్పో ఎరిగినవాళ్లు అట్టబొమ్మల గౌరి అంటారు. జానపద నవలలు అద్దెకిచ్చే షాపులు వీధికొకటి ఉన్న కాలంలో, మా మావయ్య రాసిన 'కడలికోట' నవలలు పన్నెండింటికీ అట్టల మీద బొమ్మలు నావే. ఇప్పటికీ ఎక్కడైనా సభకు పిలిస్తే, తలలు నెరిసిన పాఠకులు అట్ట ఊడిపోయిన పుస్తకాలు సంచుల్లో పెట్టుకుని వస్తారు. రాజుల్నీ, గుర్రాల్నీ, సముద్రంలో మునిగిన కోటనీ ఎవరూ పెద్దగా తలుచుకోరు. అందరూ అడిగేది ధూమ్రకేశి గురించే. పొగలాంటి జుట్టుతో, ఎర్రటి కళ్లతో, గడ్డం మీద మూడు చుక్కలతో ఉండే మంత్రగత్తె. "ఆ ముఖం మీకెలా తట్టిందమ్మా?" అని అడుగుతారు. ఊహ అని చెబుతాను. ఇన్నేళ్లుగా ఇంతమందికి ఒకే అబద్ధం చెబుతూ వచ్చాను. అత్త పోయింది కనుక నిజం రాస్తున్నాను. ఆవిడ ఉండగా రాయాల్సింది.

మాది తగరపువలస అవతల పల్లె. పదో తరగతి అయ్యాక, ఇంటర్ తప్పాక, డ్రాఫ్ట్స్‌మన్ కోర్సులో సీటు వస్తే మా అమ్మ నన్ను తన అన్న ఇంట్లో దింపి వెళ్లింది. రామునాయుడు మావయ్య అప్పుడు పోర్టులో ట్యాలీ గుమస్తా. ఓడలోంచి దిగిన మూటల్నీ పెట్టెల్నీ రేవులో నిలబడి లెక్కపెట్టి కాగితం మీద గీతలు గీయడం ఆయన ఉద్యోగం. పాత పోస్టాఫీసు వెనక సందులో ఆరు వాటాల ఇల్లు. మధ్యలో అందరికీ ఒకటే వాకిలి, ఒకటే కుళాయి. మా వాటాలో రెండు గదులు, ఒక వంటపంచ. పోర్టు వైపు నుంచి గాలి తిరిగితే ఇనుప ఖనిజం దుమ్ము వచ్చి కిటికీ చెక్కల మీద ఎర్రగా పేరుకునేది. ఉతికిన తెల్లచొక్కా సాయంత్రానికి గులాబీ రంగుకొచ్చేది. ఆ దుమ్ము వాసనతో ఎండునెత్తళ్లు వేగుతున్న వాసనా, మా అమ్మమ్మ చుట్ట వాసనా కలిసిపోయి ఆ ఇంటికంటూ ఒక వాసన ఉండేది. ఇన్ని ఇళ్లు మారాను గానీ అది ఇంకెక్కడా తగల్లేదు.

అమ్మమ్మ అంటే మావయ్య తల్లి. అడ్డపొగ తాగేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, తీయకుండానే మాట్లాడేది. అందువల్ల ఆవిడ మాటలన్నీ కొంచెం నొక్కినట్టు వచ్చేవి. పొద్దున్నే చోడంబలి తాగి గడప పక్కన పీట మీద కూర్చుంటే, మధ్యాహ్నం ఎండ కాళ్ల మీదికి వచ్చేదాకా కదిలేది కాదు. వాకిట్లో ఎవరొచ్చినా, ఎవరెళ్లినా ఆవిడ కళ్లు దాటి పోవాల్సిందే. ఇంటి పని మొత్తం పైడమ్మత్తది. అప్పటికి ఆవిడకు ముప్పై దాటి రెండేళ్లుంటాయి. నల్లటి మనిషి, పొడగరి. వెడల్పాటి నుదురు, ఒత్తుగా కలిసిపోయినట్టుండే కనుబొమలు, ముక్కుకు రెండు వైపులా పుడకలు, గడ్డం మీద చిన్నప్పుడు పొడిపించుకున్న మూడు పచ్చబొట్టు చుక్కలు. కొంగు నడుముకు దోపి, రెండు బిందెలు చెరో చేత్తో పట్టుకుని వాకిలి దాటుతుంటే ఆడవాళ్లంతా పక్కకు జరిగి దారిచ్చేవారు. భయపడి కాదు. ఆవిడ నడక అలా ఉండేది.

మావయ్యకు ఉద్యోగం ఉద్యోగమే, ప్రాణం మాత్రం కథల మీద. ఒకవైపు వాడేసిన పోర్టు ఫారాల వెనక వైపు నవల రాసేవాడు. షిఫ్టు దిగి, స్నానం చేసి, బనీనూ లుంగీతో ట్రంకు పెట్టె మీద కూర్చుంటే ఇంక లోకం పట్టేది కాదు. వారంలో సెలవు రోజు మధ్యాహ్నం రాసినంతవరకు అత్తకు చదివి వినిపించేవాడు. అత్త చేటలో బియ్యం ఏరుతూనో, చేపలు తోముతూనో వినేది. వింటూ ఊరుకునేది కాదు. "నీ రాణి ఎప్పుడూ మంచం మీద కూకోని నిట్టూర్పులేటి? రేవుంది, ఓడలున్నాయి అంటన్నావు. ఆ ఓడల్లో ఏటొచ్చిందో సూసుకోదా?" అని ఒకసారి అడిగింది. మావయ్య కలం ఆపి ఆవిడ వైపు చూశాడు. మర్నాటికి రాణి మంచం దిగింది. రేవులోకి వెళ్లి తాళ్లు పట్టుకుని లాగి చూసింది, గాలి వాటం చూసి ఓడను ఆపించింది, దొంగసరుకు తెచ్చిన సేనాధిపతిని పదిమందిలో నిలబెట్టి కడిగేసింది. ఆ కడిగిన మాటలు అంతకు ముందురోజు కుళాయి దగ్గర అత్త ఒకాయన్ని అన్నవే. రాణికి సాగరసేన అని పేరు పెట్టాడు మావయ్య. పేరు ఆయనదే గానీ మనిషి అత్తదే.

నేను అక్కడికి చేరాక ఈ వ్యవహారంలోకి నన్నూ లాక్కున్నారు. నా చేతిలో పెన్సిల్ చూసి మావయ్య, "ఈ మంత్రి ఎలాగుంటాడో గియ్యి గౌరీ, నాకు కళ్లకు కట్టడం నేదు" అనేవాడు. ఎలా ఉంటాడని నేను అడిగేదాన్ని. మాటల్లో పడి ఎవరో ఒకరు గుర్తొచ్చేవారు. క్రేన్ తోలే ఆయన మీసాలు సేనాధిపతికి వెళ్లాయి. సందు మొదట్లో కిళ్లీకొట్టు తాత బుగ్గలు రాజవైద్యుడికి వెళ్లాయి. గీసిన కాగితాలు అన్నం మెతుకులతో తలుపు వెనక అంటించేవాళ్లం. తలుపు వేస్తే చాలు, కడలికోట జనమంతా వరుసగా నిలబడి కనిపించేవారు. సత్యం అప్పటికి నాలుగేళ్ల పిల్లాడు. వాడు కూడా వేలు పెట్టి చూపిస్తూ పేర్లు చెప్పేవాడు. ఈ రోజుకీ నేను ఇంత పని చేశాను అంత పని చేశాను అంటారు గానీ, పని చేస్తున్నానని తెలియకుండా చేసిన పని అదొక్కటే.

మొదటి నవల పూర్తయ్యాక మావయ్య బెజవాడలో ఒక ప్రచురణకర్తకు పంపాడు. అంతకు ముందు ఏడేళ్లుగా వేరే వాళ్లకు పంపినవన్నీ తిరిగొచ్చాయి. ఈసారి వేస్తామని ఉత్తరం వచ్చింది. అట్ట మీదికి బొమ్మ కూడా మా ఇంట్లో పిల్ల వేస్తుందని రాసి మావయ్య ఒప్పించాడు. అట్ట మీద రాణి ఉండాలి. తలుపు వెనక అందరూ ఉన్నారు గానీ రాణి లేదు. ఎన్నిసార్లు గీసినా కుదర్లేదు. ఒక మధ్యాహ్నం అత్త పెరుగు చిలుకుతుంటే చూసి నేనే అడిగాను. "అత్తా, నువ్వు కూకుంటావేటి? నీ ముఖం పెట్టి వేస్తాను."

"నాను రాణినేటే! ఒలమ్మ, నవ్వుతారు జనం" అంది అత్త. అంటూనే చేతులు కడుక్కుని, గూట్లో అద్దం తీసి చూసుకుంది. అమ్మమ్మ గడప దగ్గర్నుంచి, "కూకోయే పైడీ. నీకేటి తక్కువ? రాణులంటే ఆకాసంలోంచి దిగొచ్చేరేటి" అంది. మర్నాటి నుంచి తొమ్మిది మధ్యాహ్నాలు అత్త నాకోసం కూర్చుంది. పెళ్లినాటి ఆకుపచ్చ పట్టుచీర పెట్టెలోంచి తీసింది. అందులో పెట్టిన కర్పూరం వాసన గదంతా నిండేది. కిరీటం బదులు ఇత్తడి చెంబు కుదురు తల మీద పెట్టుకుంది. మధ్యలో పొయ్యి మీద పప్పు పొంగితే కుదురు తీసి పక్కన పెట్టి వెళ్లి, కలియబెట్టి, వచ్చి మళ్లీ అదే వాటంలో కూర్చునేది. ఒక్క వేలు కూడా తేడా వచ్చేది కాదు. పని చేసేటప్పుడు అంత కుదురుగా ఉండే మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆరు వాటాల ఆడవాళ్లందరికీ చెప్పింది. "మా గౌరి నన్ను పుస్తకం అట్ట మీద ఏస్తంది. బెజవాడలో అచ్చేస్తారంట. రాణి బొమ్మ నాదే" అని కుళాయి దగ్గర చెబుతుంటే నేను విన్నాను. ఆ గొంతులో అంత సంతోషం నేను అంతకు ముందు వినలేదు.

బొమ్మ బాగా వచ్చింది. అది గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ తర్వాత వందలు వేశాను, ఆ వయసులో వచ్చిన ఆ ముఖం మళ్లీ రాలేదు. అట్టముక్కల మధ్య పెట్టి, గుడ్డ చుట్టి, రిజిస్టరు పోస్టులో పంపాం. పదిరోజులకు అది తిరిగొచ్చింది. దాంతో పాటు ఒక ఉత్తరం. అందులో మాటలు ఇంచుమించు ఇవి. అమ్మాయి చెయ్యి చాలా మంచిది, ఈ వరుసలో నవలలన్నిటికీ ఆమె చేతే వేయించుకుంటాం. కానీ రాణి ముఖం ఇలా ఉంటే రైల్వేస్టేషన్లో పుస్తకం ఎవరూ చేతిలోకి తీసుకోరు. రాణి తెల్లగా, కోలముఖంతో, సుకుమారంగా ఉండాలి. ఈ ముఖం మాత్రం వదులుకోవద్దు, మంత్రగత్తెకు అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. వెనక పొగలో ఆమెను పెట్టి, ముందు అందమైన రాణిని వేసి వారంలోగా పంపండి.

మావయ్య ఆ ఉత్తరం నాకు ఇంట్లో చూపించలేదు. నా క్లాసులు అయిపోయే వేళకు కాలేజీ గేటు దగ్గరికి వచ్చి, చెట్టు నీడలో నిలబెట్టి చూపించాడు. నేను చదివి, "ఇది అన్యాయం కదా మావయ్యా" అన్నాను. అన్నాను నిజమే. కానీ అన్నంతసేపూ నా కళ్లు 'అమ్మాయి చెయ్యి చాలా మంచిది' అన్న చోటికే పోతున్నాయి.

"ఏడేళ్లు తిరిగీసేను గౌరీ" అన్నాడు మావయ్య. "ఇప్పుడు ఒద్దంటే ఇంక ఎవులూ ఎయ్యరు. పైడికి తెల్నీకు. కళ్లూ జుట్టూ మార్చీ. ఆనవాలు తెల్దు."

"అత్త అందరికీ సెప్పీసింది కదా మావయ్యా."

"పుస్తకం వచ్చినాక నాను సర్ది సెప్తాన్లే."

ఆయన ముఖం చూస్తే జాలేసింది. ఆ జాలి అడ్డం పెట్టుకునే ఇన్నాళ్లూ నన్ను నేను ఒప్పించుకుంటూ వచ్చాను. కానీ బొమ్మ వేసిన చెయ్యి నాది. మంత్రగత్తెకు కొత్త ముఖం గీయవచ్చు, వారం టైముంది. గీయలేదు. క్యాలెండర్ మీది లక్ష్మీదేవి ముఖం చూసి రాణిని వేసేశాను. అది ఒక పూట పని. మిగతా రోజులన్నీ ధూమ్రకేశి మీదే కూర్చున్నాను, సందు చివర నా స్నేహితురాలి ఇంట్లో, అత్త కంట పడకుండా. జుట్టును పొగ చేశాను. కళ్లు ఎర్రగా చేసి కొంచెం చిన్నవి చేశాను. పెదవుల కింద నుంచి రెండు కోరలు దించాను. చివరికి గడ్డం మీది మూడు చుక్కల దగ్గరికి వచ్చాను. అవి తీసేయాలని నాకు తెలుసు. తెల్లరంగు కొంచెం కలిపి ఒక్కసారి కుంచె తిప్పితే పోతాయి. తీసి చూశాను. ముఖంలో ఏదో పోయింది. మళ్లీ పెట్టాను. ఆ చుక్కలుంటేనే బొమ్మ బతికి ఉంది. నా బొమ్మ బాగుండాలని ఆ చుక్కల్ని ఉంచాను. ఇందులో మావయ్య ప్రమేయం ఏమీ లేదు.

రెండు నెలలకు పుస్తకాల పార్సిల్ వచ్చింది. పొద్దున్న పదిగంటల వేళ. మావయ్య షిఫ్టులో ఉన్నాడు, నాకు ఆ రోజు క్లాసు లేదు. అత్త చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, పార్సిల్‌కు కట్టిన పురికొస తెంపకుండా ముడి విప్పింది. ఎదురు వాటా ఆవిడా, పక్క వాటా అక్కాచెల్లెళ్లూ వచ్చి నిలబడ్డారు. అత్త పై పుస్తకం తీసి చూసింది. తిప్పి వెనక చూసింది. మళ్లీ ముందుకు తిప్పింది.

"నానేదీ?" అంది నా వైపు తిరిగి. అందులో అనుమానం ఇంకా లేదు. తన బొమ్మ లోపల ఎక్కడో ఉందేమో, తనకే కనబడలేదేమో అన్నట్టు అడిగింది.

అమ్మమ్మ చెయ్యి చాపి పుస్తకం తీసుకుని, ఎండలోకి పెట్టి, కళ్లు చికిలించి చూసింది. చుట్ట నోట్లోంచి తీసింది. ఆవిడ చుట్ట తీసి మాట్లాడటం చాలా అరుదు. "ఇదిగో, ఈ ఎనకాల పొగలో ఉన్న రాకాసి... ఇది నువ్వే కాదేటే పైడీ? గెడ్డం సుక్కలు సూడు" అంది.

పక్క వాటా చెల్లెలు ఫక్కున నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్త పుస్తకం తిరిగి తీసుకుని చాలాసేపు చూసింది. ముందున్న తెల్లరాణిని కాదు, వెనకున్న దాన్నే. తర్వాత దాన్ని మిగతా వాటి మీద బోర్లించి పెట్టింది. "బాగేసేవు గౌరీ. అచ్చం అలాగే ఉంది" అని చెప్పి, ఎసరు మరిగిపోతోందని లోపలికి వెళ్లిపోయింది. నేను గదిలో నిలబడి వంటపంచలోంచి బియ్యం కడుగుతున్న చప్పుడు విన్నాను. వెళ్లి ఆవిడ కాళ్ల మీద పడి ఉంటే, ఏడ్చి ఉంటే, తిట్టించుకుని ఉంటే ఏమయ్యేదో తెలియదు. వెళ్లలేదు. పుస్తకం మీద నా పేరు అచ్చులో ఎలా ఉందో చూసుకుంటూ నిలబడ్డాను.

మావయ్య ఏమీ సర్ది చెప్పలేదు. సాయంత్రం వచ్చి, ఇంట్లో వాతావరణం చూసి, ట్రంకు పెట్టె మీద కూర్చుని రెండో నవల మొదలుపెట్టాడు. వారం తిరక్కుండా సందులో పిల్లలకు సంగతి తెలిసింది. అత్త బిందెలతో కుళాయికి వెళ్తే, "ధూమ్రకేశి వస్తంది రోయ్" అని అరిచి పరిగెత్తేవారు. చేపల బజార్లో ఎవరో సరదాకే, "ఏటమ్మా, మంత్రాలు నేర్పుతావేటి?" అన్నారట. అత్త ఎవరినీ ఏమీ అనలేదు. అనగలిగిన మనిషి, దేశమంతా వినేట్టు కడగగలిగిన మనిషి, ఒక్క మాట అనలేదు. కొంగు గడ్డం మీదికి లాక్కుని నడవడం మొదలుపెట్టింది.

ఒక రోజు మధ్యాహ్నం నేను క్లాసు నుంచి వచ్చేసరికి అమ్మమ్మ పీట మీద లేదు. లోపల అత్త గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. గడ్డం మీద తడిగుడ్డ. "సున్నంలో బట్టలసోడా కలిపి రాసీసుకుంది. ఆ సుక్కలు పోవాలంట. కాలిపోనాది. సూడు, సర్మం ఊడొచ్చీసింది" అంది అమ్మమ్మ. మావయ్యకు కబురు పంపి, రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. కట్టు కట్టే నర్సు ఎలా కాలిందని అడిగితే, "వంటకాడ సెయ్యి జారింది" అంది అత్త. నా వైపు చూడలేదు. పుండు మానడానికి నెల పట్టింది. చుక్కలు పూర్తిగా పోలేదు. వాటి చుట్టూ చర్మం తెల్లబారి ముడతలు పడింది.

ఆ నెలలోనే బెజవాడ నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. పాఠకులకు ధూమ్రకేశి విపరీతంగా నచ్చింది, రెండో పుస్తకం అట్ట మీద ఆమెనే పెద్దగా వేయండి అని. కాలిన గడ్డం మీద కట్టుతో అత్త నాకు అన్నం వడ్డిస్తుండగా, ఆ ఉత్తరం నా పుస్తకాల మధ్య ఉంది. నేను వేశాను. మూడోదీ వేశాను. మొత్తం పన్నెండు. మావయ్య కూడా కథను అటే తిప్పాడు. సాగరసేన పుస్తకం పుస్తకానికీ వెనక్కి పోయింది. నాలుగో నవలకల్లా ఆవిడ మళ్లీ మంచం ఎక్కి నిట్టూర్పులు విడవడం మొదలుపెట్టింది. సెలవురోజు చదివి వినిపించడం ఆగిపోయింది. మావయ్య ఒకటి రెండుసార్లు కాగితాలు పట్టుకుని వంటపంచ వైపు వెళ్లాడు. అత్త, "నాకు పనుంది, నువ్వు రాసుకో" అంది. తలుపు వెనక కాగితాలు ఒక్కొక్కటే ఎండి రాలిపోయాయి. ఎవరూ మళ్లీ అంటించలేదు.

తర్వాత నాకు పెళ్లయింది. మా ఆయనకు ఆటోనగర్‌లో లేత్ వర్క్‌షాపు. అట్టబొమ్మలతో పేరు వచ్చింది, వేరే రచయితల పుస్తకాలూ వచ్చాయి. అత్త నాకు పుట్టింటి మనిషిగా చేయాల్సినవన్నీ చేసింది. సారె పంపింది, నా ఇద్దరి పురుళ్లకూ వచ్చి నూనె రాసి నీళ్లు పోసింది. మావయ్య పోయిన ఏడాది, ధైర్యం తెచ్చుకుని ఒకసారి అన్నాను. "అత్తా, ఆ బొమ్మ విషయంలో నాను..." అని. అత్త మామిడికాయ ముక్కలకు ఉప్పు పడుతోంది. "ఏ బొమ్మమ్మా?" అంది. అని, "ఆవపిండి సాలదు, ఇంకో సేరు కొట్టించాలి" అంది. ఆ తలుపు అంతటితో మూసేసింది. క్షమించిందో, క్షమించేంత దగ్గరిదాన్ని కాదనుకుందో నాకు ఎప్పటికీ తెలియదు.

అత్త పోయిన మూడోనాడు సత్యం నన్ను లోపలి గదిలోకి పిలిచి ఫోన్ చూపించాడు. పెద్దకర్మకు దండ వేయడానికి ఫొటో కావాలి. ఇల్లంతా వెతికితే ఆధార్ కార్డు మీది బొమ్మ తప్ప ఇంకోటి దొరకలేదు. అందులోనూ తల వంచుకుని ఉంది. అది స్టూడియోలో ఇస్తే, కంప్యూటర్లో పెట్టి ఒక ముఖం తయారు చేసిచ్చారు. తెల్లగా, నున్నగా, ముక్కు సన్నగా ఉన్న ఒక పెద్దావిడ. గడ్డం అద్దంలా ఉంది.

"ఈవిడెవురు వదినా? మాయమ్మేనా?" అన్నాడు సత్యం. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నువ్వు బొమ్మలేస్తావు కదా. అమ్మ ముఖం నీకంటే బాగా ఎవులికి తెల్సు? నువ్వే ఎయ్యి."

కాగితం తీసుకుని కూర్చున్నాను. నుదురు వచ్చింది, కనుబొమలు వచ్చాయి. పూర్తయ్యేసరికి ఎదురుగా ధూమ్రకేశి ఉంది. కోరలు లేవు, పొగ లేదు, అయినా ఆవిడే. చింపేసి మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ ఆవిడే. పన్నెండు పుస్తకాల మీద వేసి వేసి నా చేతికి ఆ ముఖమే అలవాటైంది. దాని కింద ఉండాల్సిన అసలు ముఖాన్ని నేనే తుడిచేసుకున్నాను. నాలుగో కాగితం కూడా చింపాక సత్యాన్ని కూర్చోమని మొత్తం చెప్పాను, ఇక్కడ రాసినట్టే, చుక్కలతో సహా. వాడి భార్య లలిత గుమ్మంలో నిలబడి వింది.

"సిన్నప్పుడు ఆ అట్ట సూసి జడిసీవోన్ని" అన్నాడు సత్యం. "జడిసి అమ్మ కొంగులోకే దూరీవోన్ని. అమ్మ ఏటీ అన్నేదు. వీపు తట్టేది." చింపిన కాగితం ముక్క ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. "మా పెళ్లిలో ఫొటోలకి నిలబడమంటే ఎల్లిపోయింది వదినా. నీకు గేపకముందా? లలితంటే ఇష్టం నేక అలగ సేసిందనుకున్నాం. ఆ కోపంతోటే ఏరే ఇల్లు తీసుకున్నాం."

నాకు జ్ఞాపకం ఉంది. ఫొటోగ్రాఫరు పిలుస్తుంటే అత్త వంటల వైపు వెళ్లిపోవడం నేను చూశాను. ఎందుకు వెళ్లిందో ఆ పెళ్లిపందిట్లో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఎవరికీ చెప్పకుండా విస్తరి ముందు కూర్చున్నాను.

"పదకొండేళ్లు నాను ఆవిడతో సరిగ్గా మాటాడ్నేదక్కా" అంది లలిత. నన్ను తిట్టలేదు. ఎవరి మీదా కోపం లేనట్టు, ఎక్కడో పోయిన వస్తువు గురించి చెబుతున్నట్టు చెప్పింది. "మావయ్యగారు పోయినాక తీసుకొచ్చుకున్నాం. అప్పట్నుంచే నాకు తెల్సు ఆవిడ." కొంతసేపటికి వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. "నాను సెప్తాను, నువ్వెయ్యి" అంది.

ఆ సాయంత్రమూ మర్నాడంతా లలిత చెప్పింది, నేను గీశాను. ఎడమ కనుబొమ కంటే కుడిది పలచన అంది. బుగ్గలు ఇంకా లోపలికి పోవాలి, కింది పళ్లు రెండు లేవు కాబట్టి పెదవి అటు కుంగుతుంది అంది. చెవి తమ్మె సాగి ఎలా ఉంటుందో తన చెవి పట్టి చూపించింది. ఏడేళ్లు ఆవిడకు తల దువ్వి, నీళ్లు పోసిన చేతులు అవి. ఒక మనిషి ముఖం గురించి ఇంకొకరిని అడిగి గీయడం నాకు కొత్త కాదు. కానీ నా చిన్ననాడు నాకు అన్నం పెట్టిన మనిషి ముఖాన్ని, నేను పేరు సంపాదించుకున్న ముఖాన్ని, ఒక పరాయి పిల్ల నోట విని తెలుసుకోవాల్సి వచ్చింది. చెబుతున్నకొద్దీ ధూమ్రకేశి వెనక్కి తగ్గింది. నాకు అంతగా తెలియని ఒక ముసలావిడ నెమ్మదిగా కాగితం మీదికి వచ్చింది.

కళ్లు మాత్రం నేనే వేశాను, లలితను అడగకుండా. ఆ తొమ్మిది మధ్యాహ్నాలూ అత్త నన్ను ఎలా చూసిందో అలా. రెప్ప వాల్చకుండా, సూటిగా, నువ్వు గీయగలవు గీయి అన్నట్టు. నా దగ్గర మిగిలింది అదొక్కటే.

సత్యాన్ని పిలిచి చూపించాం. వాడు గడ్డం చూశాడు, నుదురు చూశాడు, తల ఊపాడు. కళ్ల దగ్గర ఆగిపోయాడు.

"కళ్లు అమ్మవి కావు వదినా."

"అప్పట్లో ఇలాగే చూసేదిరా."

"నాను ఎప్పుడూ సూడ్నేదు" అన్నాడు. లలిత కూడా మెల్లిగా అంది. "అత్తయ్య ఎవులికేసీ ఇలా సూసీవారు కాదక్కా. మాటాడినా కిందకే సూసీవారు. ఇలాగుంటే ఎవురో కొత్తమనిషి లాగున్నారు."

వాళ్లకు తెలియని మనిషిని తెచ్చి వాళ్ల గోడకు వేలాడదీసే హక్కు నాకు లేదు. రబ్బరు తీసుకుని రెండు కళ్లూ తుడిచాను. రెప్పలు కిందికి గీసి, చూపు నేల మీదికి దించాను. సత్యం వంగి చూసి, "ఇప్పుడు అమ్మే" అని ఏడ్చాడు. లలిత వాడి భుజం మీద చెయ్యి వేసింది. నేను పెన్సిల్ కింద పెట్టాను. ఆ కళ్లను దించింది నేనే.